అడిగిన మాట తిరిగి చెప్పాలి: సంస్థల్లో మార్పు పనికి ఓనమాలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇప్పుడు ఏ మోస్తరు కంపెనీలో చూసినా ఏదో ఒక మార్పు జరుగుతూనే ఉంది. రొయ్యల ప్లాంట్లలో కొత్త మెషీన్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కొత్త పాలిషింగ్ లైన్లు, ఆస్పత్రుల్లో కొత్త సాఫ్ట్‌వేర్, కృష్ణపట్నం పోర్టు పక్కన గోడౌన్లలో కొత్త షిఫ్టులు. మెషీన్ ధర గురించి నెలల తరబడి బేరాలు నడుస్తాయి. దాన్ని నడిపే మనుషుల పని ఎలా మారబోతోందో మాత్రం ఆఖరి వారంలో హెచ్‌ఆర్ చెవిన వేస్తారు. అదీ ఒక్క మాటలో: "ట్రైనింగ్ ఒకటి పెట్టించండి."

ఆ మాట విని ఏం చేయాలో తోచక నిలబడిన హెచ్‌ఆర్ ఆఫీసర్లు, ప్లాంట్ మేనేజర్లు, సహకార సంఘాలూ స్వచ్ఛంద సంస్థలూ నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ పనికి ఒక శాస్త్రం ఉంది. ఆర్గనైజేషన్ డెవలప్‌మెంట్ అంటారు, వాడుకలో ఓడీ. నేర్చుకుందామని పుస్తకం తెరిస్తే త్రిభుజాలు, వలయాలు, ఎనిమిది మెట్లు, పన్నెండు పెట్టెలు ఎదురవుతాయి. చదివేకొద్దీ గందరగోళం పెరుగుతుంది. నాకు అర్థమైనంతవరకు వీటన్నిటి అడుగునా ఉన్న పని ఒకటే. సంస్థలో నిజంగా ఏం జరుగుతోందో అందులో పనిచేసేవాళ్లనే అడగాలి. వాళ్లు చెప్పింది మళ్లీ వాళ్ల ముందే పెట్టాలి. ఏం చేయాలో వాళ్లతో కలిసి తేల్చుకోవాలి. ఈ మూడింట్లో మొదటిది మన కంపెనీలు అప్పుడప్పుడూ చేస్తాయి, సర్వే ఫారాల రూపంలో. మూడోది మీటింగుల పేరుతో జరిగినట్టు కనిపిస్తుంది. మధ్యలోది మాత్రం దాదాపు ఎప్పుడూ జరగదు. ఓడీ ప్రాణమంతా ఆ మధ్యలోదానిలోనే ఉంది.

ఏది ఓడీ, ఏది కాదు

ఓడీకి పునాది వేసిన అమెరికా నిపుణుల్లో ఒకరైన రిచర్డ్ బెక్‌హార్డ్ 1969లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. ఆయన లెక్క ప్రకారం ఓడీ అంటే ముందుగా ఆలోచించి చేసే ప్రయత్నం, సంస్థ మొత్తానికీ సంబంధించినది, పైవాళ్ల పూనికతో నడిచేది, సంస్థ పనితీరునీ ఆరోగ్యాన్నీ పెంచడానికి ఉద్దేశించినది. అందుకు వాడే సరంజామా మనుషుల ప్రవర్తన గురించి శాస్త్రం చెప్పే సంగతులు.

ఇందులో "ఆరోగ్యం" దగ్గర ఆగి ఆలోచించాలి. ఉత్పత్తి బాగున్న సంస్థ ఆరోగ్యంగా కూడా ఉందని అనుకోవడానికి లేదు. తప్పు జరిగితే ఆ మాట పైదాకా వెళ్తుందా? రెండు సెక్షన్ల మధ్య గొడవ వస్తే వాళ్లే కూర్చుని తేల్చుకోగలరా, ప్రతిదానికీ ఓనరు దగ్గరికి పరిగెత్తాలా? ఓనరు పది రోజులు ఊళ్లో లేకపోతే పనులు నడుస్తాయా? ఓడీ చూసే ఆరోగ్యం ఇలాంటిది.

ట్రైనింగ్‌తో ఒక మనిషికి తెలియని పని తెలుస్తుంది. ఓడీ ఆ మనిషి చుట్టూ ఉన్న ఏర్పాటును చూస్తుంది: ఎవరు ఎవరికి చెప్తారు, డబ్బు ఏ లెక్కన వస్తుంది, తప్పుకు శిక్ష ఏమిటి, ఎవరి మాట చెల్లుతుంది. పని తెలియక చెడిపోతుంటే ట్రైనింగ్ సరైన మందే. పని బాగా తెలిసినవాళ్లు కూడా చేయడం మానేశారంటే లోపం ఏర్పాటులో ఉంది, అక్కడ ఎంత ట్రైనింగ్ ఇచ్చినా ఖర్చు తప్ప ఫలితం ఉండదు. ఇక పైనుంచి నిర్ణయం అయిపోయాక దాన్ని సాఫీగా కిందికి దించే పని ఒకటుంది, దాన్ని చేంజ్ మేనేజ్‌మెంట్ అంటారు. అదీ అవసరమే. ఓడీ అంతకంటే ముందే మొదలవుతుంది, ఆ నిర్ణయం సరైనదేనా అన్న ప్రశ్న ఇంకా తెరిచి ఉన్నప్పుడు.

ఒక రొయ్యల ప్లాంటు అనుకుందాం

సిద్ధాంతాలు తర్వాత చూద్దాం. ముందు ఒక ఊహా ఉదాహరణ. నెల్లూరు తీరాన ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. పీలింగ్ హాల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాంట్రాక్టర్ బస్సులో వచ్చే ఆడవాళ్లు పనిచేస్తుంటారు. టేబుల్‌కు ఎనిమిది మంది. వలిచిన రొయ్యను టేబుల్ మొత్తానికీ కలిపి తూచి, సూపర్‌వైజర్ పుస్తకంలో రాసుకుంటాడు. కిలోకు ఇంత అని వచ్చిన డబ్బును ఎనిమిది మందీ సమానంగా పంచుకుంటారు.

ఓనరు ఎలక్ట్రానిక్ కాటాలు తెప్పించాడు. ఒక్కొక్కరికీ ఒక కార్డు. ఎవరి టబ్బు వాళ్లు తూచుకోవాలి, పేరు పక్కన కిలోలు స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఉద్దేశం మంచిదే: పుస్తకంలో తప్పుడు రాతలు ఉండవు, కష్టపడినవాళ్లకు కష్టానికి తగ్గ కూలి. నెల తిరిగేసరికి మొత్తం కిలోలు తగ్గాయి. విరిగిన రొయ్య పెరిగింది. "ఆడోళ్లు రావడం లేదు సార్" అంటున్నాడు కాంట్రాక్టర్. ఓనరు హెచ్‌ఆర్‌ను పిలిచి, వీళ్లకు కాటా వాడకం మీద ట్రైనింగ్ ఇప్పించమన్నాడు.

ఓడీ తెలిసినవాళ్లు ఇక్కడ మొదట అడగాల్సింది తమ బాధ్యత సంగతే. నన్ను పిలిచింది ఎవరు? నేను ఎవరికోసం పనిచేయబోతున్నాను? పిలిచింది ఓనరు. ఇబ్బందిలో ఉన్నది ఆడవాళ్లు. వాళ్లు కాగితం మీద ప్లాంటు మనుషులు కూడా కాదు, కాంట్రాక్టర్ మనుషులు. మన ప్రాంతంలో ఈ మెలిక దాదాపు ప్రతి చోటా ఉంది, గ్రానైట్ క్వారీల నుంచి గోడౌన్ల దాకా. జీతాల పట్టికలో పేర్లు లేవని వాళ్లను పక్కన పెట్టి సంస్థను బాగుచేద్దామంటే కుదరదు. రోజూ ఆ హాల్లో పనిచేసేది వాళ్లే, ఆ హాలే సంస్థ.

అందుకే మొదటి రోజే ఓనరుతో ఒక ఒప్పందం కావాలి. ఒక పేజీ చాలు. ఎవరెవరితో మాట్లాడతాను, విన్నదాంట్లో ఏది ఎవరికి చూపిస్తాను, పేర్లు ఎందుకు బయటపెట్టను, చెప్పినవాళ్లకే ఆ సమాచారం తిరిగి ఎప్పుడు చూపిస్తాను, తేలినదాంట్లో కనీసం ఒక్కటైనా మారుస్తానని ఓనరు మాట ఇస్తాడా లేదా. ఆ చివరిదానికి ఓనరు ఒప్పుకోకపోతే పని మొదలుపెట్టకపోవడమే మేలని నా ఉద్దేశం. జనాన్ని అడిగి ఏమీ చేయకపోవడం కంటే అసలు అడగకపోవడమే నయం. ఒకసారి నమ్మి నోరు విప్పినవాళ్లు రెండోసారి విప్పరు.

తర్వాత వివరాలు సేకరించడం. కాటా గురించి మీ అభిప్రాయం ఏమిటని అడిగితే మనకు దొరికే జవాబు తెలిసిందే: "మాకేం తెల్సు సార్, మీరెట్టా చెప్తే అట్టా." ఆ జవాబును అణకువ అనుకోకూడదు, తెలియనితనం అంతకన్నా కాదు. పైవాళ్లకు నిజం చెప్తే ఏమవుతుందో ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్న జాగ్రత్త అది. దాన్ని దాటాలంటే అభిప్రాయాలు అడగడం మాని పని గురించి అడగాలి. "నిన్న పొద్దున బస్సు దిగిన కాడ్నుంచి చెప్పండక్కా, ఏం చేశారు, ఎవరి పక్కన నిలబడ్డారు, టబ్బు ఎవరు మోశారు?" ఇలా అడిగితే మాటలు వాటంతట అవే వస్తాయి. హాల్లో ఒక పూట నిలబడి చూడటం, నెల రోజుల రికార్డులు తిరగేయడం కూడా ఈ పనిలో భాగమే. ఒక్క దారిలో వచ్చిన సమాచారాన్ని నమ్ముకోకూడదు.

అలా అడిగితే బయటపడేది ఇది. ప్రతి టేబుల్ దగ్గరా ఒకరిద్దరు పెద్ద వయసు ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల చేతులు మెల్లగా కదులుతాయి, కానీ ఐసు అయిపోతే తెచ్చేది వాళ్లే, పెంకులు ఎత్తిపోసేది వాళ్లే, కొత్తగా చేరిన పిల్లకు నరం తీయడం నేర్పేది వాళ్లే. కూలి సమానంగా పంచుకున్నన్నాళ్లూ ఆ పనులన్నిటికీ లెక్క ఉంది. కార్డులు వచ్చాక వాటికి విలువ లేకుండా పోయింది. పైగా 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 80 కౌంట్ అంటే చిన్న రొయ్య. కూలి రేటు ఒకటే అయినప్పుడు పెద్ద రొయ్య టబ్బు ఎవరి ముందు పడితే వాళ్లకు కిలోలు ఇట్టే అవుతాయి. ఒకే ఊరి నుంచి, ఒక్కోసారి ఒకే ఇంటి నుంచి వచ్చిన అత్తాకోడళ్లు టబ్బుల కోసం తగువులాడుకోవడం మొదలైంది.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు ఏమిటంటే, దీన్నంతా ఇంగ్లీషులో నలభై స్లైడ్లుగా పేర్చి ఓనరు గదిలో ఏసీలో చూపించి రావడం. జ్వరం చూసి ఆ సంగతి రోగికి చెప్పకుండా వాళ్ల మేనమామకు చెప్పి వెళ్లిపోయే డాక్టరు లాంటి పని అది. సమాచారం ఇచ్చింది హాల్లో ఉన్నవాళ్లు, కాబట్టి అది వెళ్లాల్సిందీ హాల్లోకే. తెలుగులో, చార్టు మీద, పెద్ద అక్షరాల్లో, నాలుగైదు అంశాలకు మించకుండా రాయాలి. చదవలేనివాళ్లు ఉంటారు కాబట్టి పైకి చదవాలి. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే ఉంచాలి, మన భాషలోకి దిద్దకూడదు. నలుగురైదుగురే ఉన్న చోట ఫలితాన్ని విడిగా చూపకూడదు, ఎవరు అన్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఓనరుకూ, సూపర్‌వైజర్లకూ, ఆడవాళ్లకూ చూపించేది ఒకే చార్టు అయి ఉండాలి.

ఆ మీటింగ్‌లో మొదట ఎవరూ మాట్లాడరు. మాట్లాడించాలని తొందరపడకూడదు. కాసేపటికి ఎవరో ఒకరు చార్టులో తప్పు పడతారు. "ఐసు కరువు అని రాశారు. ఐసు ఉంది సార్. తెచ్చేదానికి పోతే ఆ పది నిమిషాలు నా తూకం పోద్ది. అందుకే ఎవరూ పోవడం లేదు." ఈ దిద్దుబాటు కోసమే ఇంత ఏర్పాటు. విరిగిన రొయ్యకు కారణం చేతిలో పనితనం తగ్గడం అనుకున్నాం. అసలు కారణం వేడెక్కిన రొయ్య, దాని వెనక ఐసు, ఐసు వెనక కూలి లెక్క. ఈ గొలుసును బయటివాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా ఒంటరిగా పట్టుకోలేరు. ఇంకో సంగతి కూడా అక్కడే తెలుస్తుంది: ఆడవాళ్లకు కాటా మీద కోపం లేదు. పుస్తకంలో దొంగ రాతలు పోయినందుకు సంతోషంగానే ఉన్నారు. వాళ్లు కాదన్నది ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండటాన్నే.

అక్కడి నుంచి దారి దొరుకుతుంది. కాటా ఉంటుంది, కార్డు టేబుల్‌కు ఒకటి. ఐసుకూ పెంకులకూ రోజు కూలి మీద ఒక మనిషి. ముందు రెండు టేబుళ్ల దగ్గర రెండు వారాలు నడిపి చూడటం. కిలోలు, విరిగిన శాతం, హాజరు, చేతికొచ్చిన కూలి, ఈ నాలుగూ రాసుకుని మిగతా టేబుళ్లతో పోల్చడం. ఫలితం మళ్లీ చార్టు మీదికి. ఓడీలో చెప్పే యాక్షన్ రీసెర్చ్ అంటే ఇదే: తెలుసుకోవడం, తిరిగి చూపడం, కలిసి నిర్ణయించడం, చేసి చూడటం, మళ్లీ తెలుసుకోవడం.

ఇది ఎక్కడ పుట్టింది

యాక్షన్ రీసెర్చ్ అన్న ఆలోచనకు పేరు పెట్టి నిలబెట్టినవాడు కర్ట్ లెవిన్. జర్మనీలో మనస్తత్వ శాస్త్రవేత్త, యూదుడు, హిట్లర్ గద్దెనెక్కిన 1933లో అమెరికా వెళ్లిపోయాడు. 1946లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ బ్రిటన్‌లో, జాతుల మధ్య ద్వేషాన్ని తగ్గించే పనిలో ఉన్నవాళ్ల కోసం ఆయన బృందం ఒక శిక్షణ శిబిరం నడిపింది. పగలు గ్రూపుల్లో చర్చలు. రాత్రి పరిశోధకులు మాత్రం కూర్చుని, పగలు ఎవరు ఎలా ప్రవర్తించారో విశ్లేషించుకునేవారు. ఒక రాత్రి శిబిరానికి వచ్చినవాళ్లలో కొందరు మేమూ వింటామని వచ్చి కూర్చున్నారు. పరిశీలకుడు ఒకామె గురించి చెప్పగానే ఆమె లేచి, అలా జరగలేదు, ఇలా జరిగిందని అడ్డుపడింది. పరిశోధకుల్లో కొందరికి ఇబ్బందిగా అనిపించింది. లెవిన్‌కు మాత్రం ఉత్సాహం వచ్చింది. మర్నాటి రాత్రి ఇంకా ఎక్కువ మంది వచ్చారు. తమ గురించి ఇతరులు గమనించింది తాము విని, దాంతో వాదించి, ఒప్పుకునే దాన్ని ఒప్పుకోవడంలోనే అసలు చదువు ఉందని అక్కడ తేలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో లెవిన్ చనిపోయాడు. ఆయన సహచరులు ఆ వేసవిలోనే మెయిన్ రాష్ట్రం బెతెల్‌లో ఈ పద్ధతి మీద శిక్షణ మొదలుపెట్టారు. ఓడీ వృత్తి అక్కడి నుంచి పెరిగింది.

కంపెనీల్లో దీన్ని మొదట పరీక్షించిన చోట్లలో ఒకటి డెట్రాయిట్ ఎడిసన్ అనే విద్యుత్ సంస్థ. 1940ల చివర్లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లాయిడ్ మాన్ అక్కడ ఉద్యోగుల సర్వే నడిపాడు. ఫలితాలు మేనేజర్లకు అంది ఆగిపోయిన విభాగాల్లో పెద్దగా మార్పు లేదు. సూపర్‌వైజరు తన మనుషులతో కూర్చుని ఆ ఫలితాలను చర్చించిన విభాగాల్లో మార్పు స్పష్టంగా కనిపించింది. సర్వే ఒకటే, తేడా అంతా తిరిగి చూపడంలోనే వచ్చింది.

దానికి కాస్త ముందు వర్జీనియాలో హార్‌వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీలో ఇంకో ప్రయోగం జరిగింది. పని పద్ధతి మార్చినప్పుడల్లా అక్కడ ఉత్పత్తి పడిపోయేది, మనుషులు మానేసేవారు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు కొన్ని గ్రూపులకు మార్పును చెప్పి వదిలేశారు, కొన్నిట్లో ప్రతినిధులను కలుపుకున్నారు, మరికొన్నిట్లో అందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతిని వాళ్లతోనే తయారుచేయించారు. 1948లో అచ్చయిన వాళ్ల వ్యాసం ప్రకారం, చెప్పి వదిలేసిన గ్రూపులో మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది ఉద్యోగం మానేశారు. అందరూ పాల్గొన్న గ్రూపుల్లో ఎవరూ మానేయలేదు, ఉత్పత్తి త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటింది.

బొగ్గు గని నుంచి అహ్మదాబాద్ దాకా

మన రొయ్యల ప్లాంటులో జరిగిందానికి ఓడీలో ఒక పేరుంది, సోషియో-టెక్నికల్ దృష్టి. ఇంగ్లండ్‌లో టావిస్టాక్ అనే పరిశోధన సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, అంతకు ముందు తానే బొగ్గు గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్త్ కలిసి 1951లో దీన్ని బయటపెట్టారు. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు గని కార్మికులు ఒక జట్టుగా బొగ్గు పని మొత్తం తామే చూసుకునేవారు. జట్టులో ఎవరుండాలో కూడా వాళ్లే ఎంచుకునేవారు. యంత్రాలు వచ్చాక పనిని మూడు షిఫ్టులుగా ముక్కలు చేశారు, షిఫ్టుకో రకం పని. ఒక షిఫ్టు వెనకబడితే తర్వాతి షిఫ్టు నష్టపోతుంది, ఎవరికి ఎవరూ జవాబుదారీ కాదు. యంత్రం బాగానే ఉంది, గైర్హాజరు పెరిగింది, తిట్టుకోవడం పెరిగింది. యంత్రాన్నీ మనుషుల అల్లికనూ కలిపి రూపకల్పన చేయాలని, ఒకదాన్ని ఎంచి రెండోదాన్ని దానికి సర్దుకోమంటే రెండూ చెడతాయని వాళ్లు తేల్చారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అహ్మదాబాద్. కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఆశించిన ఫలితం రాలేదు. ఒక షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది కార్మికులు, వాళ్ల మధ్య పన్నెండు రకాల పనులు. నేసేవాడు వేరు, తెగిన పోగులు సరిచేసేవాడు వేరు, నూనె వేసేవాడు వేరు. ఎవరి మగ్గం, ఎవరి బాధ్యత అన్నది తెలియదు. టావిస్టాక్ నుంచి వచ్చిన ఏ.కె. రైస్ 1953లో ఒక ఆలోచన ముందుపెట్టాడు: కొన్ని మగ్గాలకు ఒక చిన్న గ్రూపు, ఆ మగ్గాల పనంతా ఆ గ్రూపుదే. ఈ మాట షెడ్డులోకి వెళ్లగానే కార్మికులు దాన్ని తమ సొంతం చేసుకున్నారు. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో జాబితాలు వాళ్లే వేసుకున్నారు. మధ్యలో ఒడిదొడుకులు వచ్చినా, ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది తర్వాతి భాగం. ఎరిక్ మిల్లర్ అనే పరిశోధకుడు 1970లో మళ్లీ వెళ్లి చూశాడు. ఒక షెడ్డులో గ్రూపు పద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా నడుస్తోంది. మొదటి ప్రయోగం జరిగిన ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో అది చాలావరకు కరిగిపోయింది. ప్రయోగం విజయవంతమైందని ప్రకటించి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నేను ఎక్కడా చదవలేదు. మార్పు నిలబడాలంటే దాన్ని కాపలా కాసేవాళ్లు, ఒత్తిడి వచ్చినప్పుడు మళ్లీ కూర్చోబెట్టేవాళ్లు లోపలే ఉండాలి.

దూబగుంట గుర్తుందా

పుస్తకాలు ఓడీని అమెరికాలో మొదలుపెట్టి అమెరికాలో ముగిస్తాయి. నెల్లూరు జిల్లావాళ్లం మనం అలా చదవాల్సిన పనిలేదు. 1990ల మొదట్లో ఇక్కడ అక్షర దీపం పేరుతో అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదివిన పాఠాల్లో ఒకటి సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు, చదివాక మాట్లాడుకున్నారు, అది తమ ఇంటి కథే అన్నారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ సంగతి మళ్లీ పాఠంగా మారి మిగతా ఊళ్ల బడులకు చేరింది. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇక్కడ సర్వే ఫారాలు లేవు, కన్సల్టెంట్లు లేరు. కానీ ఆ చక్రం చూడండి. జనం బతుకు నుంచి సమాచారం, దాన్ని వాళ్ల ముందే పెట్టడం, చర్చ, చర్య, ఆ చర్య మళ్లీ పాఠం కావడం. లెవిన్ ప్రయోగశాలలో వెతికినది మన రాత్రి బడుల్లో లాంతరు వెలుగులో జరిగింది.

తర్వాత ఏమైందో కూడా చూడాలి. 1995 జనవరిలో చట్టంగా వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. ఆ ఉద్యమం వెంట రోజుకో రూపాయి చొప్పున ఆడవాళ్లు మొదలుపెట్టుకున్న పొదుపు సంఘాలు మాత్రం పెరుగుతూ పోయాయి, రాష్ట్రమంతా డ్వాక్రా గ్రూపులకు దారి చూపాయి. పైనుంచి వచ్చినది పైవాళ్లు తీసేయగలిగారు, జనం తాము కట్టుకున్నది వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

వ్యతిరేకత అనే మాటతో జాగ్రత్త

మేనేజర్లు తరచూ అడిగేది, మార్పుకు వ్యతిరేకతను ఎలా తగ్గించాలని. దీనికీ లెవిన్ దగ్గర ఒక సాధనం ఉంది, ఫోర్స్ ఫీల్డ్. కాగితం మధ్యలో గీత గీసి, ఒకపక్క మార్పును ముందుకు తోసేవి, రెండోపక్క వెనక్కి లాగేవి రాయాలి. సహజంగా మనం తోసేవాటిని పెంచుతాం: ఇన్సెంటివ్, హెచ్చరిక, ఇంకో మీటింగ్. దాంతో టెన్షన్ పెరుగుతుంది, లాగేవీ అంతే బిగుసుకుంటాయి. లాగేవాటిలో ఒకటి రెండు తీసేయగలిగితే తక్కువ ఖర్చుతో ముందుకు కదులుతాం. పీలింగ్ హాల్లో ఐసు మనిషిని పెట్టడం అలాంటిదే. వ్యతిరేకత అని మనం పిలిచేదాంట్లో చాలావరకు మనకు తెలియని సమాచారం ఉంటుంది. వినగలిగితే అది ఉచితంగా దొరికే సలహా.

కల్చర్ గురించి రెండు ముక్కలు. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్గార్ షైన్ దాన్ని మూడు పొరలుగా చూశాడు: కంటికి కనిపించేవి, నోటితో చెప్పేవి, ఎవరూ చెప్పకపోయినా అందరూ నిజమనుకునేవి. మా దగ్గర అందరూ సమానమే అని గోడ మీద రాసి ఉంటుంది, అది రెండో పొర. సూపర్‌వైజర్ పోస్టులన్నీ ఓనరు ఊరివాళ్లకో, బంధువులకో, కులంవాళ్లకో పోతాయని హాల్లో అందరికీ తెలుసు, అది మూడోది. ఓడీ చేసేవాళ్లు మూడో పొరను చూడనట్టు నటిస్తే జనం వాళ్లను మొదటి రోజే లెక్కకట్టేస్తారు. దాన్ని మొదటి మీటింగ్‌లోనే బల్లగుద్ది చెప్పినా పని అక్కడితో ఆగిపోతుంది. ప్రమోషన్లు ఎవరికి వచ్చాయో మూడేళ్ల లెక్క తీసి, వ్యాఖ్య లేకుండా ఓనరు ముందు పెట్టడం నాకు తెలిసిన దారుల్లో మంచిది. అంకెలు తనే చదువుకున్నప్పుడు మనిషి తనంతట తానే ఆలోచనలో పడతాడు.

ఎక్కడ నేర్చుకోవాలి

మన దేశంలో ఈ విద్యకు గట్టి పునాదే ఉంది. 1960ల మధ్యలో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లీలాండ్, హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు సాధన స్ఫూర్తి (అంటే ఏదైనా సాధించాలన్న తపన) మీద శిక్షణ ఇచ్చి, ఫలితాలను అధ్యయనం చేశాడు. ఉదయ్ పారీక్, టి.వి. రావు 1970ల మధ్యలో ఎల్ అండ్ టీలో మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపం ఇచ్చారు. మనదేశంలో హెచ్‌ఆర్‌డీ అన్న వ్యవస్థకు అదే మొదలుగా చెప్తారు. బెతెల్ సంప్రదాయంలో గ్రూపు శిక్షణ ఇచ్చే ఇసాబ్స్ అనే సంస్థ 1970ల మొదటి నుంచీ ఇక్కడ పనిచేస్తోంది. వీలైతే అలాంటి శిక్షణలో (దాన్ని ల్యాబ్ అంటారు) ఒకసారి కూర్చోవాలి. మన మాట ఎదుటివాళ్లకు ఎలా తగులుతోందో తెలియకుండా వేరేవాళ్ల మీటింగ్ నడపడం కష్టం.

మోడళ్లు ఎన్ని నేర్చుకున్నా క్రిస్ ఆర్గిరిస్ అనే అమెరికా పండితుడు 1970లో చెప్పిన మూడు కొలతలు దగ్గర పెట్టుకుంటే చాలావరకు దారి తప్పరు: సమాచారం నిజమైనదేనా, జనం తెలిసి స్వేచ్ఛగా ఎంచుకున్నారా, ఎంచుకున్నదానికి మనసారా కట్టుబడ్డారా. ఓనరు ఒత్తిడితో అందరూ చేతులెత్తిన మీటింగ్ ఈ మూడింటిలో రెండిట్లో తప్పుతుంది.

మొదటి ప్రయత్నానికి పెద్ద సంస్థ వద్దు. ఒక సెక్షన్, ఒక ఆస్పత్రిలో ఒక వార్డు, ఒక పాల సంఘం చాలు. పైనుంచి ఒకరు మాట ఇచ్చి ఉండాలి, సమస్య వాళ్లు నిజంగా పడుతున్నది అయి ఉండాలి. పదిహేను ఇరవై మందితో మాట్లాడండి, ఒక్క చార్టు తయారు చేయండి. చార్టు చూపే తేదీని మొదటి ఇంటర్వ్యూ రోజే అందరికీ చెప్పేయండి, నోటీసు బోర్డు మీద రాయించండి. తేదీ ఖరారైతే వెనక్కి తగ్గడం ఓనరుకూ కష్టం, మీకూ కష్టం. మార్పు చేసిన ఆరు నెలలకు అదే హాలుకు మళ్లీ వెళ్లి, అవే నాలుగు అంకెలు తీసి, అవే టేబుళ్ల దగ్గర చూపించే రోజును కూడా ఆ ఒప్పందం పేజీలోనే రాసుకోండి.